"బాగానే ఉన్నాను" అనే జవాబు చాలదు: మహమ్మారి రోజుల్లో పెద్దవాళ్లను చూసుకోవడం

"ఎలా ఉన్నావమ్మా?" అని ఫోన్‌లో అడిగితే దాదాపు ప్రతిసారీ ఒకే జవాబు వస్తుంది. "బాగానే ఉన్నాను, నువ్వెలా ఉన్నావు?" అదే మనిషిని "రాత్రి ఎన్నిసార్లు లేచావు?" అని అడిగి చూడాలి. "నాలుగైదుసార్లు లేచానే. కాళ్లు తేలిపోతున్నట్టుంది. పొద్దున మంచం దిగబోయి మళ్లీ కూర్చుండిపోయాను" అంటుంది. మొదటి ప్రశ్నకు ఆమె అబద్ధం చెప్పలేదు. పిల్లలకు టెన్షన్ పెట్టకూడదనుకుంది, అంతే. రెండో ప్రశ్న ఆ మొహమాటాన్ని దాటుకుని విషయం దగ్గరికి వెళ్లింది.

మహమ్మారి కాలంలో పెద్దవాళ్లను చూసుకునేవాళ్లకు అందే సలహాల్లో ఎక్కువ భాగం చేతులు కడగడం, మాస్కులు, దూరం, మందుల నిల్వల గురించే ఉంటుంది. అవన్నీ అవసరమే. కానీ డాక్టర్ దగ్గర, ఆసుపత్రిలో, ఏ పరికరంలోనూ దొరకని సమాచారం ఒకటి చూసుకునేవాళ్ల దగ్గర ఉంటుంది. ఆ మనిషి మామూలు రోజు ఎలా గడుస్తుందో వాళ్లకు తెలుసు. ఎన్నింటికి లేస్తారు, ఎంత తింటారు, గది దాటడానికి ఎంతసేపు పడుతుంది, ఏ మాటకు నవ్వుతారు, ఏ విషయం మీద విసుక్కుంటారు. వయసు మళ్లిన శరీరం తన ఇబ్బందిని నేరుగా చెప్పదు. రోజువారీ తీరులో వచ్చే చిన్న తేడాలతోనే చెబుతుంది. ఆ తేడా కనిపించాలంటే మామూలు రోజు ముందే తెలిసి ఉండాలి.

ముప్పు ఎవరికి, ఎంత

మహమ్మారి ఏదైనా ముందుగా ముసలివాళ్ల మీదే పడుతుందనుకోవడం మామూలే. చరిత్ర మాత్రం ప్రతిసారీ అలా లేదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో 20 నుంచి 40 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులు అసాధారణమైన సంఖ్యలో చనిపోయారు. 2009లో వచ్చిన హెచ్1ఎన్1 ఫ్లూ కూడా పెద్దవాళ్లకు తక్కువగా సోకింది. 1957కు ముందు తిరిగిన, దాన్ని పోలిన వైరస్‌లతో వాళ్లలో చాలామందికి చిన్నప్పుడే పరిచయం ఉండటం అందుకు ఒక కారణం. అంటే వయసు ఎప్పుడూ బలహీనతే కానక్కర్లేదు, ఒక్కోసారి అదే రక్షణ కూడా అవుతుంది.

కోవిడ్ అలా కాదు. అది మనుషులకు పూర్తిగా కొత్త వైరస్. పాత జ్ఞాపకమేదీ ఎవరి శరీరంలోనూ లేదు. కొత్త శత్రువును గుర్తుపట్టి నేర్చుకోవాల్సిన టి-కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి యుక్తవయసు నుంచే కుంచించుకుపోతూ వస్తుంది కాబట్టి, ఆ కొత్త పాఠం పెద్దవాళ్ల శరీరానికి ఆలస్యంగా ఎక్కింది. పైగా గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీల్లో దెబ్బను తట్టుకునే మిగులు శక్తి వయసుతో తగ్గుతుంది. అందుకే ఇరవైల్లో ఉన్నవాళ్లతో పోలిస్తే 85 దాటినవాళ్లకు కోవిడ్‌తో మరణించే ముప్పు వందల రెట్లు ఎక్కువగా కనిపించింది. టీకాకు కూడా వాళ్ల శరీరం కొంత మందంగానే స్పందిస్తుంది. బూస్టర్ డోసుల్లో వాళ్లకు ముందు వరుస ఇవ్వడానికి, చుట్టూ ఉండేవాళ్లంతా టీకా వేయించుకోవాలని చెప్పడానికి కారణం ఇదే.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న కోవిడ్‌ను అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. అది ముగిసిందని చెప్పింది 2023 మే 5న. మధ్యలో మూడేళ్ల మూడు నెలలు. ముప్పై ఏళ్లవాళ్లకు అది జీవితంలో ఒక ఖాళీ పేజీ. ఎనభై రెండేళ్ల మనిషికి అది మిగిలిన ఆయుష్షులో పెద్ద ముక్క. "కొన్నాళ్లు ఓపిక పట్టండి నాన్నా" అన్నప్పుడు ఆ "కొన్నాళ్లు" ఇద్దరికీ ఒకటే కాదు.

జ్వరం లేకుండా వచ్చే జబ్బు

ఇన్ఫెక్షన్ అనగానే థర్మామీటర్ వెతుక్కుంటాం. పెద్దవాళ్ల దగ్గర అది తరచూ మోసం చేస్తుంది. వయసు పెరిగేకొద్దీ శరీరపు మామూలు ఉష్ణోగ్రతే కాస్త తగ్గుతుంది. జ్వరం తెచ్చుకునే శక్తి కూడా తగ్గుతుంది. అందుకే దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రాల్లో ఉండే వృద్ధులకు వైద్యులు వేరే కొలత పెట్టుకున్నారు. నోట్లో పెట్టి చూసినప్పుడు 37.8 డిగ్రీల సెల్సియస్, అంటే 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, లేదా ఆ మనిషి మామూలు ఉష్ణోగ్రత కంటే 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగినా జ్వరంగానే లెక్క. రెండో కొలత వాడాలంటే ఆ మామూలు అంకె ఎంతో ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి. ఒంట్లో బాగున్న రోజుల్లో ఒక వారం పాటు పొద్దునా సాయంత్రం చూసి రాసిపెట్టుకుంటే చాలు. ఎవరూ చేయరు గానీ, చేయాల్సిన పని.

జ్వరం, దగ్గు కనిపించనప్పుడు ఏం కనిపిస్తుంది? పడిపోవడం. తిండి మీద ధ్యాస పోవడం. మంచం మీంచి లేవబుద్ధి కాకపోవడం. అన్నిటికంటే ముఖ్యంగా, ఉన్నట్టుండి మతి స్థిమితం తప్పడం. దీన్ని వైద్యులు డెలీరియం అంటారు. 2020లో అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన 817 మంది వృద్ధ కోవిడ్ రోగులను పరిశీలిస్తే 28 శాతం మందికి వచ్చేసరికే డెలీరియం ఉంది. వాళ్లలో 37 శాతం మందికి జ్వరం, ఆయాసం లాంటి మామూలు కోవిడ్ లక్షణాలేవీ లేవు. అంటే బయటికి కనిపించిన జబ్బు మెదడుకు వచ్చింది, అసలు జబ్బు వేరేచోట ఉంది.

డెలీరియం అనగానే అరుపులు, పెనుగులాట గుర్తొస్తాయి. అలాంటిది ఎవరి కంటా పడకుండా పోదు. పట్టుబడనిది రెండో రకం. మనిషి నెమ్మదైపోతాడు. పిలిస్తే కళ్లు తెరుస్తాడు, రెండు మాటలకే మళ్లీ మూసేస్తాడు. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతాడు. టీవీ వైపు చూస్తుంటాడు గానీ చూడడు. ఇంట్లోవాళ్లు "పాపం అలిసిపోయారు, పడుకోనివ్వండి" అంటారు. ప్రశాంతంగా ఉన్నాడని కాస్త ఊరట కూడా పడతారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మతిమరుపు జబ్బుకూ దీనికీ తేడా కాలంలో ఉంది. డిమెన్షియా నెలలు, ఏళ్ల మీద వస్తుంది. డెలీరియం గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. పొద్దున బాగుండి సాయంత్రానికి తేడాగా ఉండి, రాత్రికి ఇంకా ముదురుతుంది. ఇంట్లో చేయగల చిన్న పరీక్ష ఒకటుంది. వారం రోజుల పేర్లు వెనక్కి చెప్పమనాలి. ఆదివారం, శనివారం, శుక్రవారం అంటూ. నిన్నటిదాకా గడగడా చెప్పిన మనిషి ఇవాళ శుక్రవారం దగ్గర ఆగి "ఏమడిగావు?" అంటే ధ్యాస నిలవడం లేదని అర్థం. డిమెన్షియా ఉన్నవాళ్లకు ఈ పరీక్ష ముందు నుంచే రాకపోవచ్చు. అప్పుడు వాళ్ల నిన్నటి తీరుతోనే ఇవాళ్టిని పోల్చుకోవాలి. తేడా కనిపిస్తే రేపటిదాకా చూద్దాం అనుకునే విషయం కాదు. ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, మూత్రం బిగబట్టుకుపోవడం, చివరికి మలబద్ధకం కూడా దీనికి కారణం కావచ్చు. కారణం దొరికితే చాలావరకు తగ్గే స్థితి ఇది.

డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు "కొంచెం అదోలా ఉన్నారు" అంటే ఆ మాట గాలికి పోతుంది. "మొన్నటిదాకా పేపర్ చదివి నాతో వాదించేవారు. నిన్న సాయంత్రం నుంచి నా పేరు అడుగుతున్నారు" అంటే అవతలివాళ్లు కుర్చీలో నిటారుగా కూర్చుంటారు.

వేలికి పెట్టే పరికరం

కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన వస్తువు, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే పల్స్ ఆక్సీమీటర్. ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవడం ఈ జబ్బులో ఉంది కాబట్టి అది పనికొచ్చింది. అలాగే చాలామందికి నిద్ర కూడా లేకుండా చేసింది.

ఒక రాత్రి అనుకుందాం. జబ్బుగా ఉన్న పెద్దాయన వేలు మంచుముక్కలా ఉంది. పరికరం పెట్టగానే 86 చూపించింది. కూతురి గుండె జారిపోయింది. అదే వేలు తీసుకుని రెండు అరచేతుల మధ్య రుద్ది, చెయ్యి ఒళ్లో కదలకుండా పెట్టించి, ఒక నిమిషం ఆగి చూస్తే అంకె 91, 93 అంటూ ఎక్కి 95 దగ్గర నిలబడింది. చల్లటి వేళ్లు, గోళ్ల రంగు, వణికే చెయ్యి, ఇవన్నీ అంకెను పాడుచేస్తాయి. పెట్టిన వెంటనే కనిపించేదాన్ని వదిలేసి, నిలబడ్డ అంకెనే రాసుకోవాలి. పక్కనే నాడి వేగం కూడా.

మోసం రెండో వైపు నుంచి కూడా జరుగుతుంది. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఈ పరికరం అసలు కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020 డిసెంబర్‌లో వచ్చిన అమెరికా పరిశోధన బయటపెట్టింది. మరుసటి ఫిబ్రవరిలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ కూడా హెచ్చరిక ఇచ్చింది. కాబట్టి అంకె బాగుంది కదా అని పెదాలు నీలంగా మారుతున్నా, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నా ధీమాగా ఉండటానికి లేదు. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల జబ్బు ఉన్న కొందరికి 90 చుట్టూ ఉండటమే మామూలు. వాళ్లకు ఏ అంకె దగ్గర కంగారు పడాలో వాళ్ల డాక్టర్ దగ్గర ముందే అడిగి ఉంచుకోవాలి. మళ్లీ అదే మాట: అందరి అంకె వేరు, ఈ మనిషి అంకె వేరు.

ఒకే కొలతను వరసగా చూస్తే వచ్చే అర్థం ఒక్కసారి చూస్తే రాదు. రోజుకు మూడు పూటలా కొలిచి రాసినప్పుడు 97, 96, 96, 94, 93 అని మెల్లగా దిగుతున్న వరస కనిపిస్తే, అందులో ఏ ఒక్క అంకె భయపెట్టేది కాకపోయినా ఆ దిగుడే డాక్టర్‌కు చెప్పాల్సిన విషయం. ఇక ఇరవై నిమిషాలకోసారి కొలవడం వల్ల కొత్తగా తెలిసేది లేదు. పెద్దాయన తన వేలికేసి బిక్కుబిక్కుమని చూడటం నేర్చుకుంటాడు, అంతే.

నీళ్లు, మాత్రలు, వాయిదా పడ్డ డాక్టర్

వయసుతో దాహం మందగిస్తుంది. ఒంట్లో నీరు తగ్గుతున్నా గొంతు అడగదు. రాత్రిళ్లు లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు మానేసేవాళ్లు చాలామంది. దీనికి తోడు విరేచనాలో జ్వరమో వచ్చి, బీపీ కోసమో కాళ్ల వాపు కోసమో వేసుకునే, మూత్రం ఎక్కువ పోయించే మాత్ర అలాగే కొనసాగితే బీపీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడతారు. జబ్బు చేసిన రోజుల్లో ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు అన్నది ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. కానీ ఆ ప్రశ్న అడగాల్సింది మాత్రం ఇంట్లోవాళ్లే.

మహమ్మారి సమయంలో మందుల విషయంలో జరిగిన పొరపాట్లు ఆదుర్దాలోంచి పుట్టినవి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కోవిడ్ రోగుల ప్రాణాలు నిలుపుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష చూపించింది. ఆ వార్త అందరికీ చేరింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు దానివల్ల లాభం కనిపించలేదన్న సగం మాత్రం దారిలోనే జారిపోయింది. ఇంట్లో మొదటి రోజు నుంచే స్టెరాయిడ్ వేసుకున్న షుగర్ పేషెంటుకు షుగర్ అదుపు తప్పుతుంది, ఇన్ఫెక్షన్‌తో పోరాడే శక్తి తగ్గుతుంది. తర్వాత కోవిడ్‌కు వచ్చిన పాక్స్‌లోవిడ్ మాత్రలు మంచివే. కానీ కొలెస్ట్రాల్‌కు వాడే కొన్ని స్టాటిన్లతో, రక్తం పలచబరిచే కొన్ని మందులతో వాటికి పొసగదు. జలుబుకూ నిద్రకూ షాపులో చీటీ లేకుండా దొరికే కొన్ని మాత్రల్లో ఉండే డైఫెన్‌హైడ్రమైన్ లాంటివి పెద్దవాళ్లలో మతి తారుమారు చేస్తాయి. రోజుకు ఐదారు రకాల మాత్రలు వేసుకునే మనిషికి కొత్తది ఒక్కటి చేర్చినా, ముందున్నవాటి జాబితా ఎదురుగా ఉండాలి. అలవాటుగా వేసుకునే నొప్పి మాత్రలు, పౌడర్లు, కంటి చుక్కలతో సహా.

ఇంకో నష్టం నిశ్శబ్దంగా జరిగింది. అమెరికాలో 2020 మార్చి మధ్యలో అత్యవసర పరిస్థితి ప్రకటించాక పది వారాల్లో, గుండెపోటుతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ల సంఖ్య అంతకు ముందు పది వారాలతో పోలిస్తే 23 శాతం, పక్షవాతంతో వచ్చినవాళ్ల సంఖ్య 20 శాతం పడిపోయింది. గుండెపోట్లు హఠాత్తుగా అంత తగ్గిపోతాయా? వైరస్ భయంతో ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు అందులో చాలామంది ఉంటారనే అనుమానించాలి. ఛాతీలో బరువు, మూతి వంకర పోవడం, ఒకవైపు చెయ్యి లేవకపోవడం, వీటికి మహమ్మారి ఉన్నా లేకపోయినా వెళ్లాల్సింది ఆసుపత్రికే. చూసుకునేవాళ్లు ఈ మాటను ముందే, మామూలు రోజున చెప్పి ఒప్పించి ఉంచాలి. నొప్పి వచ్చాక వాదించడానికి టైమ్ ఉండదు.

కుర్చీలో కరిగిపోయే కండ

"మీరు కదలకండి, అన్నీ మేం తెచ్చిస్తాం." ప్రేమతో అనే మాటే ఇది. దీనికి శరీరం చెల్లించే మూల్యం ఎంతో 2007లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగం చూపించింది. సగటున 67 ఏళ్ల వయసున్న ఆరోగ్యవంతులను పది రోజులు మంచం మీదే ఉంచారు. ఏ జబ్బూ లేదు, కేవలం పడుకున్నారు. పది రోజుల్లో వాళ్ల కాళ్లలో కండ దాదాపు కిలో తగ్గింది. ఆ వయసులో పోయిన కండ తిరిగి రావడం, పోయినంత సులువు కాదు.

లాక్‌డౌన్ అంటే మంచాన పడటం కాదు, నిజమే. కానీ ఉత్తరాలు తెచ్చుకోవడానికో, పలకరింపుకో, ప్రార్థనకో బయటికి వెళ్లే మనిషి ఆ నడకనంతా ఒక్కసారిగా పోగొట్టుకుంటాడు. ఆరు వారాల తర్వాత కుర్చీలోంచి లేవడానికి చేతుల ఆసరా కావాల్సి వస్తుంది. అదే మొదటి గుర్తు. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి వరసగా ఐదుసార్లు లేవగలుగుతున్నారా, పోయిన నెలలో ఎలా లేచేవారు అన్నది చూసుకుంటే చాలు, వేరే పరీక్షలు అక్కర్లేదు. లేవడం, కూర్చోవడం అనే ఆ పనినే రోజుకు నాలుగుసార్లు చేయిస్తే అదే వ్యాయామం. కుర్చీ గోడకు ఆనించి ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. మంచినీళ్ల గ్లాసు చేతికి అందేలా పెట్టడం కంటే, సురక్షితంగా నడవగలిగినంత కాలం, పక్క గదిలో పెట్టడమే మేలు చేస్తుంది. ఇది వినడానికి కాస్త కఠినంగా ఉంటుంది.

దూరం, ఒంటరితనం, వినపడని మాటలు

"సామాజిక దూరం" అన్న మాటతో మొదలైన ప్రచారాన్ని 2020 మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ "భౌతిక దూరం" అని సరిదిద్దుకుంది. తెగిపోవాల్సింది శరీరాల మధ్య దగ్గరితనమే, మనుషుల మధ్య సంబంధం కాదని చెప్పడం దాని ఉద్దేశం. అప్పటికే మొదటి మాట జనంలో స్థిరపడిపోయింది. చాలా ఇళ్లలో ఆచరణలోకి వచ్చింది కూడా ఆ మొదటి మాటే.

ఒంటరిగా ఉండటం వేరు, ఒంటరితనం వేరు. ఒక్కరే ఉంటూ హాయిగా ఉండేవాళ్లున్నారు. పదిమంది ఉన్న ఇంట్లో ఎవరూ పట్టించుకోక కుమిలిపోయేవాళ్లూ ఉన్నారు. మనుషులతో సంబంధాలు తెగిపోయినవాళ్లలో డిమెన్షియా ముప్పు దాదాపు 50 శాతం ఎక్కువగా కనిపిస్తోందని అమెరికా జాతీయ అకాడమీలు 2020లో ఇచ్చిన నివేదిక చెప్పింది. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇలాంటి లెక్కల్లో పూర్తిగా తేలదు. మతిమరుపు మొదలైనవాళ్లు తమంతట తామే మనుషులకు దూరం కావడం కూడా ఉంటుంది. అయినా తేలికగా తీసుకునే విషయం మాత్రం కాదు.

ఇందులో ఎవరూ పెద్దగా మాట్లాడని భాగం చెవులు. వయసుతో ముందు పోయేది సన్నటి, హెచ్చు శ్రుతి శబ్దాలు వినే శక్తి. హల్లులను విడదీసి చూపించేవి ఎక్కువగా ఆ శబ్దాలే. సర్జికల్ మాస్కు వాటిని 3, 4 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది. ఎన్95 అయితే 12 దాకా. పైగా పెదాలు కనిపించవు. "పాలు" అన్నారో "కాలు" అన్నారో పెదవులు చూసి, సందర్భం చూసి అర్థం చేసుకునే మనిషికి ఆ రెండు ఆసరాల్లో ఒకటి పోయింది. ఒకటి రెండుసార్లు "ఏంటి?" అంటారు. మూడోసారి అర్థమైనట్టు తలూపుతారు. నాలుగోసారి మాట్లాడటం మానేస్తారు. ఇంట్లోవాళ్లు దాన్ని దిగులనుకుంటారు, మతిమరుపనుకుంటారు. గొంతు పెంచి అరిస్తే ప్రయోజనం లేదు. అరిచినప్పుడు అచ్చులు పెద్దవవుతాయి, హల్లులు కావు. వెలుతురు ముఖం మీద పడేలా ఎదురుగా కూర్చుని, నిదానంగా, అర్థం కాని వాక్యాన్ని వేరే మాటల్లో చెప్పడం పనిచేస్తుంది. టీవీ కట్టేయాలి. వినికిడి యంత్రంలో బ్యాటరీ ఉందో లేదో కూడా చూడాలి. సమస్య చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

వీడియో కాల్ దూరాన్ని పూర్తిగా పూడ్చదు గానీ, రోజూ ఒకే వేళకు వస్తే దానికి విలువ పెరుగుతుంది. నాలుగు గోడల మధ్య రోజులన్నీ కలిసిపోతున్నప్పుడు, ఐదున్నరకు ఫోన్ వస్తుందన్న ఎదురుచూపే ఆ రోజుకు ఒక ఆకారం ఇస్తుంది. అరగంట పరామర్శ కంటే ఐదు నిమిషాల పని మేలు. "ఈ పాత ఫొటోలో ఎడమ పక్కన నిలబడ్డదెవరు పెద్దమ్మా?" "పిల్లాడికి లెక్క రావడం లేదు, నువ్వు చెప్పు తాతయ్యా." అందరూ తమను కాపాడుతుంటే పెద్దవాళ్లకు తాము భారమన్న ఆలోచన వస్తుంది. ఎవరికో తమ అవసరం ఉందని తెలిస్తే అది కాస్త తేలికపడుతుంది. వార్తలు మాత్రం రోజుకు ఒకసారి చాలు. రోజంతా మరణాల లెక్క నడుస్తున్న గదిలో ఎవరి మనసైనా కుదుటగా ఉండదు.

డిమెన్షియా ఉన్నవాళ్ల సంగతి వేరు. మాస్కు ఎందుకో పదిసార్లు చెప్పినా పదకొండోసారి మళ్లీ కొత్తే. వాదనతో పని జరగదు. కారణం చెప్పడం మానేసి, పక్కన నిలబడి తను చేతులు కడుక్కుంటూ చూపిస్తే వాళ్లూ కడుక్కుంటారు.

నిర్ణయం ఎవరిది

కాపాడటం పేరుతో పెద్దవాళ్ల నోరు మూయించడం మహమ్మారి రోజుల్లో చాలా సులువైపోయింది. బయటికి వెళ్లకూడదు, ఎవరూ రాకూడదు, మనవణ్ని ముట్టుకోకూడదు. అడగకుండానే అన్నీ నిర్ణయమైపోయాయి. మతి స్థిమితంగా ఉన్న మనిషికి ఎంత రిస్క్ తీసుకోవాలో చెప్పే హక్కు డెబ్బై ఏళ్లు దాటగానే పోదు. అయితే ఆ హక్కు ఇంట్లో మిగతావాళ్ల ప్రాణాలకు ముడిపడి ఉందన్నదీ నిజమే. అందుకే ఇది కలిసి కూర్చుని బేరమాడుకోవాల్సిన విషయం. "వెళ్లాలా వద్దా" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే గొడవ తప్ప ఏమీ మిగలదు. "ఎలా వెళితే ముప్పు తగ్గుతుంది" అని అడిగితే దారులు కనిపిస్తాయి. ఆరుబయట, పక్క పక్కన కుర్చీలు వేసుకుని, అరగంట, ఒకేసారి ఇద్దరికి మించకుండా.

ఇక్కడ వైరస్ ఎలా పాకుతుందో తెలియడం పనికొస్తుంది. మొదటి నెలల్లో సంచులు, పొట్లాలు తుడుస్తూ గంటలు గడిపినవాళ్లున్నారు. తగిలిన వస్తువు వల్ల కోవిడ్ సోకే అవకాశం సాధారణంగా 10,000లో ఒకటి కంటే తక్కువని 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పింది. అసలు దారి గాలి. తుడవడంలో పోయిన ఓపికలో సగం కిటికీలు తెరవడం మీద పెట్టి ఉంటే మనుషులు కలుసుకోవడానికి ఇంకొంచెం వీలుండేది.

సంరక్షణ కేంద్రాల్లో ఈ ప్రశ్న మరింత పదునుగా వచ్చింది. నెదర్లాండ్స్‌లో అన్ని నర్సింగ్ హోములనూ మూసేశాక, 2020 మేలో 26 కేంద్రాల్లో ఒక ప్రయత్నం చేశారు. ఒక్కో వృద్ధుడికి ఒక్క మనిషి చొప్పున, జాగ్రత్తలతో రానిచ్చారు. పరిశీలించిన ఆ మొదటి వారాల్లో దానివల్ల కొత్త కేసులు బయటపడలేదు. వృద్ధుల్లో, కుటుంబాల్లో, సిబ్బందిలో కూడా ఊరట కనిపించింది. తలుపు మూయడానికీ బార్లా తెరవడానికీ మధ్య ఒక్క మనిషి పట్టేంత సందు ఉంటుందని అప్పుడు కొన్ని దేశాలు గుర్తించాయి. చాలాచోట్ల ఆ సందు తెరిచేసరికి కొందరు అద్దం అవతల నుంచే చివరిచూపు చూసుకోవాల్సి వచ్చింది.

ఆ చివరి విషయం గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. పరిస్థితి విషమిస్తే వెంటిలేటర్ కావాలా, ఇంట్లోనే ఉండాలా, తన తరఫున ఎవరు మాట్లాడాలి. ఈ మాట ఎత్తడం అపశకునమనుకుని పిల్లలు భయపడతారు. పెద్దవాళ్లు చాలామంది దాని గురించి ఎప్పుడో ఆలోచించేసి, అడిగేవాళ్ల కోసం చూస్తుంటారు.

చూసుకునేవాళ్ల లెక్క

జబ్బు మనిషిని చూసుకుంటూ తీవ్రమైన ఒత్తిడి పడే భార్యాభర్తల్లో, ఆ బాధ్యత లేనివాళ్లతో పోలిస్తే నాలుగేళ్ల కాలంలో మరణ ముప్పు 63 శాతం ఎక్కువగా కనిపించిందని 1999లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన చెప్పింది. ఒత్తిడి లేకుండా చూసుకున్నవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. తర్వాతి పరిశోధనలు కొన్ని చూసుకునేవాళ్లు ఇతరుల కంటే ఎక్కువకాలం బతుకుతున్నారని కూడా చెప్పాయి. కాబట్టి చంపేది సేవ అనుకోకూడదు. ఆదుకునే చెయ్యి లేకుండా, నిద్ర లేకుండా, ఎప్పుడు ముగుస్తుందో తెలియకుండా చేసే సేవతోనే చిక్కు. మహమ్మారి ఆ మూడింటినీ ఒకేసారి తెచ్చిపెట్టింది. సాయానికి వచ్చే మనిషి రావడం మానేసింది. పగటిపూట పెద్దవాళ్లను ఉంచుకునే కేంద్రాలు మూతపడ్డాయి. వైరస్ ఇంట్లోకి తెచ్చేది తానేనేమోనన్న భయం ఒకటి పైన.

వాళ్లకు కూడా ఒక మామూలు రోజు ఉంటుంది. చిన్నదానికి అరుస్తున్నారా, తిన్న పళ్లెం కడగకుండా నిద్రపోతున్నారా, ఫోన్ మోగితే ఒళ్లు జలదరిస్తోందా. తమలో వచ్చిన తేడా తమకు కనిపించదు. వేరే ఎవరో చెప్పాలి. రోజూ ఆ పెద్దమనిషి గురించే ఫోన్ చేసి అడిగే బంధువులు వారానికి ఒక్కసారైనా "నువ్వు నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు?" అని అడగాలి. వీలైతే ఆ తర్వాత, దూరం నుంచే చేయగల ఒక పని తమ మీద వేసుకోవాలి. మందులు ఆర్డర్ పెట్టడం, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవడం, బిల్లులు కట్టడం. సలహాలు ఇచ్చేవాళ్లకు కొరత ఎప్పుడూ లేదు.

చూసుకునే మనిషికే జబ్బు చేస్తే? మహమ్మారిలో ఇది తప్పనిసరిగా వేసుకోవాల్సిన ప్రశ్న, అందరూ వాయిదా వేసిన ప్రశ్న. రెండో మనిషి ఎవరో ముందే అనుకుని, ఆ మనిషి చేతిలో పెట్టడానికి ఒక కాగితం సిద్ధంగా ఉండాలి. అదే కాగితం ఆసుపత్రికి కూడా వెళ్తుంది. పక్కన ఎవరినీ ఉండనివ్వని వార్డులో నర్సు దాన్ని చదువుతుంది. కాబట్టి దాంతోపాటు కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ల డబ్బా, ఫోన్ చార్జర్ పేరు రాసి ఒక సంచిలో ఉండాలి. అవి లేకపోతే తెలివిగా ఉన్న మనిషి కూడా అయోమయంలో ఉన్నట్టే కనిపిస్తాడు.

కాగితం పైభాగంలో జబ్బులు, మాత్రలు, పడనివి, డాక్టర్ నంబర్ ఉంటాయి. కింది సగం ఇంట్లోవాళ్లు మాత్రమే రాయగలరు. మామూలుగా ఆక్సిజన్ 95. రాత్రి రెండుసార్లు లేస్తారు, లైటు వేసి ఉంచాలి. నొప్పి ఉన్నా చెప్పరు, కుడి మోకాలు రుద్దుకుంటుంటే ఉన్నట్టు. మాత్రలు ఒక్కొక్కటిగా ఇవ్వాలి, అన్నీ ఒకేసారి ఇస్తే దాచేస్తారు. ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చుని మాట్లాడాలి.